జగ్గయ్యపేటలో మోడెం పలికిన వైనం

జగ్గయ్యపేట చూసి వద్దామని పనిగట్టుకుని బయల్దేరేవాళ్ళు తక్కువ. హైదరాబాదు బస్సులో కునుకు తీసేవాళ్ళకి అది చిల్లకల్లు దగ్గర ఎడమచేతి వైపు ఎక్కడో ఉందని తెలుస్తుంది, అంతే. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. వేలెడంత వస్తువుతో దెబ్బలాడటానికి వెళ్ళాను. 

సంగతి ఇది. మా పిన్ని కూతురు సుజాతని జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, పిల్లలు కాస్త పెద్దయి హాస్టళ్ళకి వెళ్ళాక, కొట్లో కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివి, బి.ఇడి. ఎంట్రన్సు రాసి ర్యాంకు తెచ్చుకుంది. ఇక ఏ కాలేజీ కావాలో నెట్‌లో వరసగా పెట్టుకోవాలి. ర్యాంకుల వారీగా రోజులు ఇచ్చారు. దాని వంతు గురువారం ఒక్క రోజే, సాయంత్రం ఐదింటి దాకా. నందిగామ కాలేజీని ముందు పెట్టుకుంటే ఇంటినుంచి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. అత్తగారు ఒప్పుకున్నది నందిగామకే, అదీ ఈ ఒక్క ఏడాదికే. గురువారం తప్పితే మళ్ళీ ఆ మాట ఎత్తడానికి దానికి నోరు ఉండదు.

ఇంతలో హైవేని నాలుగు లైన్లు చేస్తున్న పొక్లెయిన్ ఒకటి టెలిఫోన్ కేబుల్ని తెంపి పెట్టింది. ఊళ్ళో నెట్ సెంటర్లన్నీ బోర్డులుగా మిగిలాయి. సుజాత భర్త ప్రసాద్ బెజవాడ వెళ్ళినప్పుడు కంప్యూటర్‌కి గుచ్చుకుని నెట్ వాడుకునే మోడెం ఒకటి కొనుక్కొచ్చాడు. ఇంట్లో కంప్యూటర్ మాత్రం లేదు.

"అక్కా, నీ లాప్‌టాప్ తీసుకుని రాగలవా?" అని సుజాత ఫోన్ చేసింది. రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పుకునే దాన్ని. వస్తానన్నాను. ఒక్క విషయం దానికి చెప్పలేదు. నా లాప్‌టాప్‌లో అందరికీ ఉండే విండోస్ లేదు, లినక్స్ ఉంది. ఒకసారి వైరస్ వచ్చి నా ప్రశ్నపత్రాలన్నీ మింగేసినప్పటినుంచీ నాకు విండోస్ అంటే మంట. లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, దానికి వైరస్ బాధ లేదు. కాకపోతే కొత్త వస్తువేదైనా తగిలించినప్పుడు దాన్ని గడ్డం పట్టుకుని బతిమాలాలి.

కంచికచర్ల దగ్గర ఆగినప్పుడు

బెజవాడలో రైలు దిగి బస్సెక్కాను. కంచికచర్ల వచ్చేసరికి రోడ్డంతా తవ్వి పోశారు. బస్సు మట్టిదారిలోకి దిగి, ఎదురుగా వచ్చే లారీకి దారివ్వలేక, వెనక్కి పోలేక ఆగిపోయింది. అందరం దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా వైపు బజ్జీలో మిరపకాయని చీల్చి గింజ తీసి, వాము, చింతపండు కూరి దాని పొగరు దించుతారు. ఇక్కడ ఆ మర్యాదలేవీ లేవు. కాయని యథాతథంగా పిండిలో ముంచి నూనెలో వేస్తారు. ఒక్కటి కొరికి కళ్ళు తుడుచుకుంటుంటే నా పక్క సీట్లో కూర్చున్నామె నవ్వింది. వీరులపాడు వైపు రైతు. పత్తికి కొట్టే మందు కోసం బెజవాడ వెళ్ళి వస్తోంది.

"ఏ ఊరమ్మా మీది?" అంది.

"రాజమండ్రండి."

"అందుకే," అని సంచిలోంచి దోసకాయ తీసి ముక్క కోసిచ్చింది. "ఇది తిను, మంట తగ్గుద్ది. ఒక్కదానివే వచ్చావా?"

చెల్లెలి కాలేజీ సంగతి చెప్పాను. ఆమె, "పెళ్ళయినాక చదివిస్తన్నారా? అత్త ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "ఉండి ఒప్పుకుందా?" అంది నమ్మనట్టు.  కీసర దగ్గర మునేరు వంతెన దాటుతుంటే ఏటినిండా ఎర్రనీళ్ళు. రోడ్డుకి రెండు వైపులా పత్తి మోకాలెత్తు ఉంది. మా గోదావరి పక్క ఎటు చూసినా కనిపించే పచ్చ వేరు. ఇక్కడ పచ్చదనం మధ్యలోంచి నేల కనిపిస్తూ ఉంటుంది.

జగ్గయ్యపేట: కొట్టు వెనక ఇల్లు

ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలంటే ఎండుమిరపకాయల బస్తాల మధ్యలోంచే పోవాలి. గడప దాటేలోపు ఆగకుండా తుమ్మాను. "అలవాటవుద్దిలేండి వదినగారూ," అన్నాడు ప్రసాద్. ఉన్న నాలుగు రోజుల్లో అవలేదు.

సుజాత అత్తగారు రాజ్యలక్ష్మమ్మ గారు. భర్త పోయాక కొడుకు చేతికి అందేదాకా కొట్టుని తానే నడిపారు. లేతరంగు చీర, బోసి నుదురు, ఎదుటి మనిషిని కాటాలో పెట్టి తూచే చూపు. నేను వెళ్ళిన సాయంత్రమే కొట్లోకి కొత్త ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. ఈ ఊళ్ళో ఏ కొత్త వస్తువూ పసుపూ కుంకుమా పడకుండా పనిలోకి దిగదు. మా ఇళ్ళల్లో బండికి, బీరువాకి పెడతాం గానీ ఇక్కడ కాలిక్యులేటర్‌కి కూడా బొట్టు చూశాను. ఆవిడ సుజాతని పిలిచి కాటాకి బొట్టు పెట్టమని చెప్పి, తాను మాత్రం నాలుగడుగులు వెనక్కి వెళ్ళి బస్తాల పక్కన నిలబడ్డారు. 

రాత్రి అన్నంలోకి గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, దోసకాయ పప్పు. పప్పులో కూడా కారమే. ఆవిడ వడ్డిస్తూ మామూలుగా అడిగారు.

"ఇది కాలేజీకి పోతే కొట్టెవరు చూస్తారమ్మా?"

సుజాత తల ఎత్తలేదు. ప్రసాద్ నీళ్ళు తాగాడు. నాకు ఒళ్ళు మండింది గానీ అతిథిని కదా, అన్నం కలుపుకున్నాను.

భోజనాలయ్యాక మోడెం తీశారు. తెల్లగా, నున్నగా, ఒక పక్క మూత. తీసి లాప్‌టాప్‌కి గుచ్చాను. దీపం వెలిగింది. తెరమీద చూస్తే అది మోడెం కాదు, ఒక సీడీ అట. ఈ వస్తువులకి ఇదో జబ్బు. లోపల విండోస్ వాళ్ళకోసం ఒక సాఫ్ట్‌వేర్ దాచుకుని ఉంటాయి. ముందు సీడీ వేషంలో వచ్చి, ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించాకే వేషం తీసేస్తాయి. లినక్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్ నడవదు కాబట్టి ఇది వేషం తీయదు. తీయించడానికి వేరే చిన్న ప్రోగ్రాం ఉంది, నెట్‌లో దొరుకుతుంది. ఆ నెట్ కావాలంటే ఈ మోడెం పనిచేయాలి. తాళంచెవి లోపల పెట్టి పెట్టెకి తాళం వేసినట్టయింది నా పని.

నాకు తెలిసిన చిట్కాలన్నీ వేశాను. అది సీడీగానే కూర్చుంది.

"అందరిలాగా విండోస్ పెట్టుకోవచ్చు కదండీ వదినగారూ," అన్నాడు ప్రసాద్ మెల్లిగా. నేను మోడెం పీకి మళ్ళీ గుచ్చాను. సుజాత మొహం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. మంగళవారం అయిపోయింది. మధ్యలో బుధవారం ఒక్కటే ఉంది.

నందిగామ

బుధవారం పొద్దున్నే నందిగామ బయల్దేరాను. అక్కడ కేబుల్ బాగానే ఉందని కబురు. ఇంటి గుమ్మం దిగబోతుంటే ఎదురుగా వస్తున్న రాజ్యలక్ష్మమ్మ గారు నన్ను చూసి చటుక్కున వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళిరమ్మని ఒక్క మాట లేదు. పని చెడాలనే ఉంది ఈవిడకి అనుకుంటూ బస్సెక్కాను.

నందిగామ బస్టాండుకి ఎదురుసందులో నెట్ సెంటర్ దొరికింది. గంటకి పదిహేను రూపాయలు. మా ఊళ్ళో ఇరవై తీసుకుంటారు, ఫ్యాన్ కూడా వేస్తారు. నడిపేది ఒక బట్టతలాయన. కావలసిన ప్రోగ్రాం దింపుకుంటానంటే కంగారుపడ్డాడు.

"లినక్సా మేడమ్? అది ఏ కంపెనీదండి?"

"ఏ కంపెనీదీ కాదండి. ఊరుమ్మడి సొమ్ము."

"ఊరుమ్మడిదైతే రిపేరు ఎవరు చేస్తారండి మరి?" అన్నాడు. 

ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. దాంతోపాటు ఆయన కంప్యూటర్లలో కాపురమున్న వైరస్‌లు కూడా ఎక్కాయి. నా లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. అవన్నీ చచ్చిన చేపల్లా పడి ఉన్నాయి, ఏమీ చేయలేవు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశాడు. ఆ మురిపెంలో రేపటి సంగతీ చెప్పాను. "ఏదన్నా ఇబ్బందైతే రండి మేడమ్, మా ఇల్లు ఈ వెనకే," అన్నాడు.

మెస్సులో భోజనం ముప్పై రూపాయలు. కూరల్లో నూనె మా వైపుకన్నా తక్కువ, కారం రెండింతలు. పెరుగు మాత్రం కత్తితో కోయాల్సినంత గట్టిగా ఉంది. తిన్నాక బస్సుకి ముందు ఆ కాలేజీ ఎక్కడో అడిగి వెళ్ళి చూశాను. చిన్న మేడ. చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు చార్టులు చుట్టి చంకలో పెట్టుకుని బయటికి వస్తున్నారు. సుజాతకన్నా పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పడం మొదలుపెడితే అది ఒకటే అడిగింది.

"గేటు ఏం రంగక్కా?"

నీలమని చెప్పాను. తలూపి మళ్ళీ కొట్లోకి వెళ్ళిపోయింది. బేరగాళ్ళు ఎదురుచూస్తున్నారు.

సాయంత్రం ఆ ప్రోగ్రాం ఎక్కించి మోడెం గుచ్చాను. దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది. తెరమీద ఇప్పుడది మోడెం. ఫోన్‌లాగే ఇదీ ఒక నంబరు కొడితేనే నెట్‌కి తగులుకుంటుంది. నంబరు కొట్టించాను. లోపల సిగ్నల్ అందలేదు. మేడమీదికి తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టి మళ్ళీ కొట్టించాను. తగిలింది. సీట్లు పెట్టుకునే వెబ్‌సైటు పైనుంచి కిందికి, తెర దించినట్టు, నెమ్మదిగా కనిపించింది.

"మీ లినక్స్‌ని ఒప్పుకుంటన్నానండి వదినగారూ," అన్నాడు ప్రసాద్.

 సుజాత నా భుజం గట్టిగా పట్టుకుంది. మెట్లమీద నిలబడి రాజ్యలక్ష్మమ్మ గారు అంతా చూస్తున్నారు.

"రేపు కూడా పలుకుద్దా ఇది?"

"పలుకుతుందండి. ఇక ఢోకా లేదు."

"అంత ధైర్యంగా అనమాకమ్మా," అని కిందికి దిగి వెళ్ళిపోయారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఈవిడకి ఒక మంచిమాట అంటే సొమ్మేం పోతుందో అనుకున్నాను.

గురువారం

లేచేసరికి బంద్. ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో మనిషికో రకంగా చెబుతున్నారు. బస్సులు లేవు, కొట్లు మూతలు. పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాదని కబురు. "వాయిదా వేస్తార్లే," అన్నాడు ప్రసాద్. తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తే వాయిదా లేదన్నారు. వెబ్‌సైటు హైదరాబాదులో ఉంది, దానికి మా బంద్‌తో పనేమిటి?

అయినా నాకు బెంగ లేదు. మోడెం ఉంది, రాత్రి నిండా చార్జింగు పెట్టిన లాప్‌టాప్ ఉంది. స్నానాలు చేసి, సుజాత దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చాక, మేడమీద నీడలో కూర్చుని మోడెం మూత తీసి గుచ్చాను.

దీపం వెలగలేదు.

తీసి మళ్ళీ గుచ్చాను. పక్క రంధ్రంలో పెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. మొన్న రాత్రి కనీసం సీడీనని అయినా చెప్పింది, ఇవాళ అసలక్కడ ఏమీ గుచ్చలేదంటోంది కంప్యూటర్. నిన్న నేనెక్కించిన ప్రోగ్రామే ఏదో పాడుచేసిందనుకున్నాను. దాన్ని తీసేశాను, మళ్ళీ ఎక్కించాను.  ప్రతిసారీ లాప్‌టాప్ ఆపి వేయడానికి బ్యాటరీ తరిగిపోతోంది. సుజాత నా పక్కన కూర్చుని తెరకేసి కాకుండా నా మొహంకేసి చూస్తోంది. అది ఏడ్చినా బాగుండేది.

మధ్యాహ్నం దాటింది. "నిన్న పనిచేసింది కదండీ," అని ప్రసాద్ అన్నప్పుడల్లా నాకు ఎవరో గిచ్చినట్టుంది. చివరికి నందిగామ నెట్ సెంటరాయన మాట గుర్తొచ్చి చెప్పాను. ఆయన ఇంటి తలుపు తడితే షట్టర్ ఎత్తకపోడు. బంద్ అయినా బైకు మీద మొగుడూ పెళ్ళాలని ఎవరాపుతారని ప్రసాద్ బండి తీశాడు. సుజాత చెప్పులు వేసుకుంటూ నావైపు తిరిగి, "నువ్వు ఇంకోసారి చూస్తా ఉండక్కా," అంది. బైకు వీధి మలుపు తిరిగింది.

పిట్టగోడ మీద

ఇంట్లో నేనూ రాజ్యలక్ష్మమ్మ గారూ మిగిలాం. ఆవిడ చాట తీసుకుని మేడమీదికొచ్చి నాకు కాస్త దూరంలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నారు. కొట్టు మూసిన రోజు కూడా ఖాళీగా కూర్చోరు ఈవిడ. నాకు మాత్రం ఆ చప్పుడు వింటుంటే చిరాగ్గా ఉంది. విసుగెత్తి మోడెం పీకి ఎండకి ఎత్తి పట్టుకున్నాను.

లాప్‌టాప్‌లోకి దూరే ఇనప మూతి లోపల, మెరవాల్సిన గీతలమీద, పసుప్పచ్చగా ఏదో అట్టకట్టి ఉంది. తుప్పేమో అనుకున్నాను. మొన్న కొన్న వస్తువుకి తుప్పేమిటి? ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు.

తలెత్తి చూశాను. చాట చప్పుడు ఆగిపోయింది.

"దానివల్లేనా అమ్మా?" అన్నారు ఆవిడ. 

"ఎవరు పెట్టారండీ?"

"నేనే."

 ఆవిడే మొదలుపెట్టారు, ఆగి ఆగి.

"తెల్లారగట్ట దీపం పెట్టుకున్నాక పెట్టా. కొత్త వస్తువు, బొట్టు లేకండా మొదలెట్టారు మీరు. రాత్రంతా అదే గుబులు నాకు. సుజాతకి చెబుదామంటే అది ముందే బిక్కచచ్చి ఉంది. నేను పెట్టకూడదు గదా అట్టాంటివి, పదిమందీ చూస్తే ఏవంటారు? మూత తీసి లోపల రాసి మళ్ళీ మూత పెట్టా. ఎవరికీ కనపడదులే అనుకున్నా."

"మీకిష్టం లేదనుకున్నానండి," అన్నాను. తిన్నగా నోట్లోంచి వచ్చేసింది. "నిన్న నేను బయల్దేరుతుంటే మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు."

"మంచి పనిమీద పోతున్నావు. నేను ఎదురు రావొచ్చా?" అన్నారు ఆవిడ, ఇంతమాత్రం తెలీదా అన్నట్టు. "కొట్టెవరు చూస్తారని అడిగా గానీ, పోవద్దన్నానా? అది లేకపోతే మళ్ళీ నేనే కూర్చోవాలి. కూర్చుంటా. అడగడం తప్పా?"

 ఆవిడ చాటలో పప్పుని ఊరికే అటూ ఇటూ తోస్తున్నారు.

"పోయిందా అమ్మా అది? నా చేత్తోనే చెడగొట్టానా దాని చదువు?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చోడానికి టైము లేదు. స్పిరిట్ కావాలి, మందులషాపు మూత. ప్రసాద్ గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ గుర్తొచ్చింది. అందులోనూ ఉండేది స్పిరిటేగా. ఆవిడ నాకన్నా ముందు మెట్లు దిగి సీసా, దూది, అగ్గిపుల్లలు తెచ్చారు. అగ్గిపుల్లకి దూది చుట్టి లోషన్లో ముంచి తుడిచాను. మొదటి దూది పచ్చగా వచ్చింది. రెండోదీ, మూడోదీ. ఆవిడ ఒక్కో పుల్లా చుట్టి అందిస్తున్నారు. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచి పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. తడి ఆరకుండా గుచ్చితే ఉన్నదీ పోతుంది. ఆ కాసేపూ ఇద్దరం ఆ వేలెడంత వస్తువుకి చెరోపక్కా నిలబడి కాకి వాలకుండా కాపలా కాశాం.

"ఇక పెట్టు," అన్నారు ఆవిడ. నాకు ధైర్యం చాలలేదు. "పెట్టమ్మా, ఏదైతే అదే అవుద్ది."

గుచ్చాను. దీపం వెలిగింది.

నంబరు కొట్టించాను. తగిలింది. వెంటనే సుజాతకి ఫోన్ చేశాను. చిల్లకల్లు దగ్గర టైర్లు తగలబెట్టి అడ్డంగా కూర్చున్నవాళ్ళని ప్రసాద్ బతిమాలుతున్నాడట, దాటనివ్వడం లేదట. "వెనక్కి వచ్చేయండి," అన్నాను. అది నమ్మలేదు. రెండోసారి అరిచి చెప్పాను.

వాళ్ళు వచ్చి మెట్లెక్కేసరికి బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. సుజాత రొప్పుతూనే కూర్చుని తన నంబరూ పాస్‌వర్డూ కొట్టింది. పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. మొదట నందిగామ పెట్టింది. మిగతావి పెడుతుండగా పేజీ మొరాయించి మొదటికి వచ్చింది. మళ్ళీ నంబరు, మళ్ళీ పాస్‌వర్డు. ప్రసాద్ లాప్‌టాప్‌కి ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టాడు. ఐదింటికి ఇంకా కాస్త ఉందనగా, మీ ఎంపికలు నమోదయ్యాయన్న వాక్యం వచ్చింది. సుజాత ఆ వాక్యాన్ని పైకి చదివింది. ఇంకోసారి చదివింది. అప్పుడు ఏడ్చింది.

"ఏం చేశారండి వదినగారూ? ఎట్టా పలికింది?" అన్నాడు ప్రసాద్.

నేను రాజ్యలక్ష్మమ్మ గారి వైపు చూశాను. ఆవిడ చాటకేసి చూస్తున్నారు.

"మూతిలో దుమ్ము చేరింది," అన్నాను.

తిరుగు ప్రయాణం

సీటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వచ్చింది, నందిగామలోనే. ఆ కబురు నాకు రాజమండ్రిలో అందింది. కానీ నేను ఈ ప్రయాణం రాస్తున్నది శుక్రవారం పొద్దుటి కోసం.

బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. లాప్‌టాప్ సంచిలో సర్దుకున్నాను. ఒక సీసాలో గోంగూర పచ్చడి కూడా సర్దారు. మోడెం తీసి సుజాత చేతికిచ్చాను, ఎప్పటికైనా వాళ్ళూ కంప్యూటర్ కొంటారు. సుజాత నాకు జాకెట్టు ముక్కా, పండూ తాంబూలం ఇచ్చి బొట్టు పెట్టింది. రాజ్యలక్ష్మమ్మ గారు ఎప్పటిలాగే లోపల ఎక్కడో ఉన్నారు. చెప్పి వెళ్దామంటే కనిపించరు.

గడపలో చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ వచ్చారు. లోపలినుంచి కాదు, కొట్టువైపు నుంచి, నాకు సరిగ్గా ఎదురుగా. ఒక చేతిలో పసుపూ కుంకుమా ఉన్న భరిణె, ఇంకో చేతిలో మోడెం. కొట్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళున్నారు. వాళ్ళూ చూస్తున్నారు.

"ఈసారి ఎక్కడ పెడితే దానికి అడ్డం రాదో చూపించమ్మా," అన్నారు.

మోడెం వీపు చూపించాను. ఆవిడ ఉంగరం వేలితో అక్కడ పసుపు రాసి, మధ్యలో కుంకుమ అద్దారు. సుజాత ఆ పసుపుకేసి చూసింది, మూతకేసి చూసింది, నాకేసి చూసింది. దుమ్ము సంగతి దానికి అర్థమైంది.

ఒక్కడుగు ముందుకొచ్చి అత్తగారి ముందు తల వంచింది.

"నాక్కూడా పెట్టండత్తయ్యా."

"నేను పెట్టకూడదే."

"రోజూ నందిగామ బస్సెక్కాలిగా. మీరే పెట్టండి."

ఆవిడ వేలు కాసేపు గాల్లోనే ఆగింది. ప్రసాద్ మిరపకాయల బస్తా ఒకటి అవసరం లేకపోయినా పక్కకి జరిపాడు. బేరగాళ్ళలో ఎవరూ కదల్లేదు.

ఆవిడ పెట్టారు, నుదుటి మధ్యలో, అందరికీ కనిపించేటట్టు.